రాతల బండ మీద తడికాగితం

1940వ సంవత్సరం, శివరాత్రి ఇంకా మూడు రోజులుందనగా, సోమవారం, పొద్దున పదకొండు గంటలకు పంతులు మా వాడ పక్కనున్న రాతల బండ మీద తడికాగితం పరిచాడు. గంట నేను చూడలేదు. నాకప్పటికి గడియారం చూడటం రాదు. పంతులే జేబులోంచి గడియారం తీసి, "పదకొండయింది. ఆరేసరికి పన్నెండున్నర అయితది" అన్నాడు.

ఆ గంటన్నర గురించే ఈ రాత. బండ నుంచి కేక వేస్తే వినబడేంత దూరంలో మా గుడిసె. గుడిసెలో నా బిడ్డకు ఏడో రోజు జ్వరం. బండకు ఆనించి రెండు కిరాయి సైకిళ్లు. ఐదు మైళ్లు తొక్కితే ఎల్లారెడ్డి, అక్కడ దవాఖానా. ఇవన్నీ ఒక్కచోటనే ఉన్నాయి. నేనూ అక్కడే ఉన్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు ఉండొచ్చు. కామారెడ్డి స్టేషన్ దగ్గర ఒక సైకిల్ దుకాణంలో పంక్చర్లు అతికేవాణ్ణి, గాలి కొట్టేవాణ్ణి, రాత్రి అక్కడే పడుకునేవాణ్ణి. దుకాణం యజమానిని అందరం చాచా అనేవాళ్లం. ఆయనది ఒక కాయిదా. ఊరు దాటి పోయే సైకిల్ వెంట దుకాణం మనిషి కూడా పోవాలి. ఎందుకని ఎవరైనా అడిగితే, "సైకిల్ నాకు బేగం లెక్క. ఒక్కదాన్నే ఊరవతలికి పంపుతనా?" అనేవాడు. ఆ కాయిదా వల్లనే నేను పంతులు వెంట తిరిగాను.

పంతులు కామారెడ్డి బడిలో చెప్పేవాడు. బక్క మనిషి. సెలవు దొరికితే చాలు, రెండు సైకిళ్లు కిరాయికి తీసేవాడు. ఒకటి తనకు, ఒకటి నాకూ సామానుకూ. సామాను అంటే మందపాటి కాగితాల చుట్ట, గట్టి వెంట్రుకల కుచ్చు ఒకటి, దీపపు మసిలో బంక కలిపిన నల్లరంగు డబ్బా, నీళ్ల బుర్ర. ఆయన వెతికేది బుద్ధుడి గుళ్లు.

గుళ్లు అంటే ఇప్పటి గుడి అనుకునేరు. గోపురం లేదు, గంట లేదు, పూజారి లేడు. చేను మధ్యలో ఒక మట్టి దిబ్బ, దిబ్బ మీద తుమ్మ చెట్లు. కాలితో మట్టి తోస్తే మూరెడు పొడుగు ఇటుకలు. ఆ ఇటుకలు తీసుకుపోయి రైతులు బావులు కట్టుకునేవాళ్లు, పశువుల కొట్టాలు కట్టుకునేవాళ్లు. పంతులు ఒక్కో ఇటుకను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి చూసి మళ్లీ అక్కడే పెట్టేవాడు. నాకు అదంతా పనిలేని పనిగా కనిపించేది. కానీ సైకిల్ తొక్కడం ఇష్టం. అందుకని పోయేవాణ్ణి.

ఒకసారి సదాశివనగర్ దిక్కు పోయినప్పుడు ఒక ఊరి పట్వారి మమ్మల్ని దిబ్బ మీదనే పట్టుకున్నాడు.

"ఏమయ్యా, లంకెబిందెలు దొరికినయా?" అన్నాడు.

"బిందెల కోసం రాలేదు. బుద్ధుడి కోసం వచ్చినం" అన్నాడు పంతులు.

"ఆయనెవరు? ఏ ఊరోడు? నా చెవిన ఎయ్యకుండ దిబ్బల ఎందుకు దాక్కున్నడు?"

ఇంకో చోట తల లేని రాతిబొమ్మ ఒకటి, కాళ్లు మడిచి కూర్చున్నది, చెట్ల కింద ఉండేది. ఊరివాళ్లు మొండెం దేవుడు అనేవాళ్లు. గొర్రెలకాపరులు ఆయన మోకాలి మీద గొడ్డళ్లు నూరేవాళ్లు. మోకాలు అరిగి నున్నగా, పల్లంగా అయింది. అక్కడ నేను పంతులును అడిగాను.

"ఎవరు పంతులయ్యా ఈయన?"

"రాజు కొడుకు. ముసలోణ్ణి, రోగిష్టోణ్ణి, పీనుగను జూసి ఇల్లిడిసి పోయిండు."

"అంతకుముందు సూడలేదా?"

"సూడనియ్యలేదు. పెండ్లయి కొడుకు పుట్టిందాక."

"మా వాడల పుడితే పురుడు దాటకముందే సూసేటోడు."

పంతులు నవ్వాడు. చేతిలో ఉన్న ఇటుక కింద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వాడు. అది ఆయన్ను నేను నవ్వించడం మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు మా బండ సంగతి చెప్పాలి. మా ఊరు లింగంపేట దాటి ఎల్లారెడ్డి పోయే తోవలో, తోవకు కొంచెం లోపలికి. ఊరికి ఒక కొసన కూలి జనం వాడ, అది మాది. వాడ పక్కన వేపచెట్టు కింద, నేల నుంచి మోకాలెత్తు లేచి ఒక నల్లబండ ఉండేది. దాని మీద నాలుగు వరుసల రాత. ఏ కాలందో ఎవరికీ తెలియదు. రాతల బండ అనేవాళ్లం.

మా వాడలో పుట్టిన పిల్లల్లో సగం మంది నడక నేర్వకముందే పోయేవాళ్లు. దొర గడీలో పిల్లలు బతికేవాళ్లు. పట్వారి ఇంట్లో బతికేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఉన్నదేంది, మన ఇళ్లలో లేనిదేంది అని మా ముసలివాళ్లు ఆలోచించారు. బియ్యం అనుకోలేదు, పాలు అనుకోలేదు. రాత అనుకున్నారు. ఆ ఇళ్లలో కాగితాలున్నాయి, పుస్తకాలున్నాయి, అందుకే సావు గడప దాటదు అనుకున్నారు. మాకు కాగితం లేదు. బండ ఉంది.

కాబట్టి పిల్లకు జ్వరం వస్తే, పొద్దు పొడవకముందు తల్లి గానీ నాయనమ్మ గానీ ఎవరితో మాట్లాడకుండా పోయి, కొడవలి మొనతో ఒక అక్షరం గాడి వెంబడి గీకి, ఆ పొడి పాలలోనో నీళ్లలోనో కలిపి తాగించేది. ఏ అక్షరమో తెలియదు. చెయ్యి ఎక్కడ పడితే అక్కడ. జ్వరం తగ్గితే సరైన అక్షరం పడ్డదనేవాళ్లు. తగ్గకపోతే వేరే రోగం అక్షరం పడ్డదనేవాళ్లు. బండను తప్పు పట్టినవాళ్లు లేరు. నేనూ ఆ పొడి తాగి బతికినవాణ్ణే అని మా అవ్వ, నన్ను కన్నతల్లి, చెప్పేది.

ఎక్కడో ఒక ఊళ్లో పాత బొమ్మను బండి కట్టి పట్నం తీసుకుపోయారని విని, మా వాడవాళ్లు బండ మాట బయట చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నారు. అందుకే రెండేళ్లు పంతులు వెంట దిబ్బలన్నీ తిరిగి కూడా నేను మా బండ మాట ఎత్తలేదు.

ఆదివారం సాయంత్రం కామారెడ్డికి బెల్లం తోలుకొచ్చిన మా ఊరి ఎడ్లబండి ఆయన దుకాణం ముందు ఆగాడు.

"మీ అవ్వ చెప్పుమన్నదిరా. బిడ్డకు ఆరు దినాల సంది జొరం. రెండుసార్లు బండ గీకిన్రట. పనిజేస్తలేదట" అన్నాడు.

అది నాకు ఒక్కతే బిడ్డ. అంతకుముందు ఒక కొడుకు పుట్టి పురిట్లోనే పోయాడు.

రాత్రంతా ఆలోచించాను. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది కానీ, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. బండ మీద అన్ని రోగాలకూ మందు ఉంది, జ్వరం అక్షరం ఏదో మాకు తెలియదు, అంతే కదా. తెలిసినవాడు ఒకడు ఉన్నాడు. రెండేళ్లుగా నా పక్కన సైకిల్ తొక్కుతున్నాడు. ఆయన చదివి, ఇదిగో ఇది జ్వరానిది అని వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది.

సోమవారం పొద్దున్నే పంతులు రానే వచ్చాడు. సదాశివనగర్ దిక్కు పోదామన్నాడు.

"పంతులయ్యా, మా ఊళ్లె ఒక బండ ఉన్నది. నాలుగు వరుసల రాత" అన్నాను.

ఆయన హ్యాండిల్ పట్టుకుని అట్లనే నిలబడిపోయాడు. "రెండేండ్ల సంది తిరుగుతున్నం గద. గిప్పుడా చెప్పేది?"

"మావోళ్లు చెప్పనియ్యలే."

"మరి గిప్పుడెట్ల చెప్తున్నవ్?"

నేను బిడ్డ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆయన దవాఖానా అంటాడని తెలుసు. దవాఖానాకు పోయినవాళ్లు కట్టెలై వస్తారని మా వాడలో మాట. మొదలు బండ, ఆ తర్వాత అమ్మవారు, ఏదీ కాకపోతే దవాఖానా. ఆఖరి గడియలో మోసుకుపోయినవాళ్లు కట్టెలై రాక ఎట్లా వస్తారు? ఆ లెక్క అప్పుడు నా బుర్రకు తట్టలేదు. "సూపించబుద్ధయింది" అన్నాను.

ఎన్నడూ తొక్కనంత జోరుగా తొక్కాను. తోవ పొడుగునా మోదుగలు పూసి ఉన్నాయి. లింగంపేటలో ఆడవాళ్లు అరుగుల మీద బీడీలు చుడుతూ మమ్మల్ని చూసి నవ్వారు. పంతులు వెనక నుంచి, "బండ యాడికన్న పారిపోతదారా?" అని రొప్పుతూ అరిచాడు.

మా గుడిసె ముందు దిగి, ఆయన్ను బండ దగ్గరికి పంపి నేను లోపలికి పోయాను. అవ్వ తలుపు దగ్గరే అడ్డం పడింది.

"ఎవర్ని పట్టుకొచ్చినవురా? ఒట్టు మరిచినవా?"

"చదివేటాయన, అవ్వా. జొరం అక్షరం ఏదో చెప్తడు."

అవ్వ చెంగు నోట్లో కుక్కుకుని పక్కకు జరిగింది. బిడ్డ చాప మీద ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. ఒళ్లు పెనం లాగా కాలుతోంది. పెదవుల మీద తెల్లగా రాతిపొడి ఎండిపోయి ఉంది.

పంతులు బండ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. వేళ్లతో తడుముతున్నాడు. "ఇది బుద్ధుడి గుళ్ల కాలందిరా. నీ పెండ్లినాడు నువ్వు కూడ గిప్పుడు నా అంత ఖుషీ అయి ఉండవు" అన్నాడు.

"చదువుండ్రి" అన్నాను.

"గిట్ల చదవరాదు. అరిగిపోయింది. కాగితం మీదికి ఎక్కితేనే అక్షరం తేలుతది."

కాగితం నీళ్లలో తడిపి బండ మీద పరిచాడు. కుచ్చుతో కొట్టి కొట్టి అక్షరాల గాళ్లలోకి దింపాడు. పైన నల్లరంగు అద్దాడు. అప్పుడే గడియారం చూసింది.

"ఆరేదాక ముట్టొద్దు. తడి మీద లేపితే చినుగుతది, అక్షరం పోతది" అన్నాడు.

ఆ మాట నాకు పట్టుకుంది. అక్షరం పోతది. నేను ఇంట్లోంచి చేట తెచ్చి కాగితానికి విసరడం మొదలుపెట్టాను. పంతులు వేపచెట్టు నీడకు పోయి పుస్తకం తెరిచాడు. అందులో పాత అక్షరాలు, పక్కన ఇప్పటి అక్షరాలు రాసుకుని ఉండేవాడు.

కొంతసేపటికి నా భార్య వచ్చింది.

"బిడ్డ చేతులు కొట్టుకుంటున్నయ్. ఆయన సైకిల్ మీద ఎక్కియ్, ఎల్లారెడ్డి పోదాం."

"జెర ఆగు. ఆరుతున్నది."

"ఏం ఆరుతున్నది?"

"కాగితం. రాత తేలుతది. ఏది గీకాల్నో తెలుస్తది."

ఆమె నా చేతిలో చేటను చూసింది. "బిడ్డకు ఇసురరాదు గని కాగితానికి ఇసురుతున్నవా?" అంది.

అవ్వ గుడిసెలోంచే కేకేసింది. "దవాఖానకు పోయినోళ్లు ఎవలు మల్ల వచ్చిన్రే? చదివేటాయన్ను చదవనియ్యి."

పంతులు తలెత్తాడు. "ఎవరామె? ఏమంటున్నది?"

"నా పెండ్లాం. బువ్వకు రమ్మంటున్నది" అన్నాను.

అబద్ధం చెప్పాను. పంతులును ఈ విషయంలో ఎవరైనా ఒక మాటంటే నేను ఊరుకోను. ఆయనకు ఏమీ తెలియదు.

నా భార్య ఇంకోసారి వచ్చింది. ఒక సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, తొక్కడం రాదు గనక, దాన్ని అట్లా పట్టుకునే నిలబడింది. నేను విసురుతూనే ఉన్నాను.

పన్నెండున్నరకు పంతులు కాగితం లేపాడు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు. ఆయన పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం పోల్చుకుంటూ చదివాడు. మన తెలుగు కాదట, పాత భాషట. నేను ఆయన నోరే చూస్తున్నాను.

"ఒక ఇల్లాలు... తల్లికి, తండ్రికి పుణ్యం రావాల్నని... ఈ రాయి ఇచ్చింది. సన్యాసులకు ఇచ్చింది." ఆగాడు. "అరెరె. ఆమె పేరున్న కాడనే ఎవరో గీకిన్రు. కొత్త గీత. నిన్ననో మొన్ననో పడ్డట్టున్నది."

"ఇంకా?"

"గంతే."

"జొరం మాట ఎక్కడున్నది?"

"జొరమేందిరా?"

"ఏ అక్షరం గీకితే జొరం తగ్గుతది? గది చెప్పుండ్రి పంతులయ్యా. జల్ది చెప్పుండ్రి."

ఆయన నా మొఖం చూశాడు. బండ మీద కొడవలి గీతలు చూశాడు. సైకిల్ పట్టుకుని నిలబడ్డ నా భార్యను చూశాడు. చదువుకున్న మనిషి, చెప్పకుండానే తెలుసుకున్నాడు. కాగితం చేతిలోంచి జారిపోయింది.

"ఎవరికి జొరం?" అన్నాడు. జవాబు వినకుండానే గుడిసెలోకి ఉరికాడు. బయటికి వచ్చి నన్ను రెక్క పట్టి లాగాడు. "ఎక్కు. సైకిల్ ఎక్కు. గాడిద కొడకా, బువ్వకు రమ్మన్నదా? ఎక్కు!"

రెండేళ్లలో ఆయన నన్ను తిట్టడం అదొక్కసారే.

దవాఖానాలో ముందే చెప్పి ఉంచుతానని పంతులు ఇంకో సైకిల్ మీద ముందుకు పోయాడు. నా భార్య వెనక క్యారియర్ మీద కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకుంది. ఎండ నడినెత్తిన ఉంది. తోవ ఇసుక. చక్రం దిగబడితే దిగి తోసి మళ్లీ ఎక్కాను. వెనక బిడ్డ మూలుగు వినబడుతోంది. మూలుగు వినబడుతున్నంతసేపు నాకు ధైర్యంగానే ఉంది. ఒక వాగు దాటాం. ఎల్లారెడ్డి చెట్లు కనబడుతున్నాయి.

"మెల్లగ తొక్కు" అంది నా భార్య.

"ఇంకింతనే. గవ్వే చెట్లు."

"మెల్లగ తొక్కు. ఇగ జల్ది ఏం లేదు."

నేను ఆపలేదు. అట్లనే తొక్కాను. దవాఖానా అరుగు దగ్గర డాక్టరూ పంతులూ నిలబడి ఎదురు చూస్తున్నారు. డాక్టరు బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు, కనురెప్ప ఎత్తి చూశాడు, వదిలాడు.

"పొద్దున్నే తెస్తే బతికేదా?" అని అడిగాను.

"ఏమో, చెప్పలేను. తెచ్చి ఉంటే చూసేవాణ్ణి" అన్నాడు.

ఆయన బతికేది అన్నా, బతకదు అన్నా నాకు ఒక దారి దొరికేది. చూసేవాణ్ణి అన్నాడు. ఆ మాటతోనే ఇన్నేళ్లూ ఉన్నాను.

వచ్చేటప్పుడు ఎవరమూ తొక్కలేదు. రెండు సైకిళ్లూ తోసుకుంటూ నడిచి వచ్చాం. ఆ పొద్దు కుంకకముందే వాడ వెనక పూడ్చాం. కాగితం బండ దగ్గరే పడి ఉంటే అవ్వ తీసి దాచింది. గుంతలో బిడ్డను దింపాక దాన్ని మడిచి తల కింద పెట్టింది.

"అన్నీ దానికే పోనీ. గీ అక్షరాలల్ల ఏదో ఒకటి అక్కడన్న పనిజేస్తది" అంది.

ఆ కాగితం ఒక్కటే. పంతులు చెయ్యి ముందుకు చాపబోయాడు, నేను చూశాను. మళ్లీ వెనక్కు తీసుకున్నాడు. రెండేళ్లు తిరిగి ఆయన సంపాదించింది అదే. మట్టి కప్పుతుంటే ఆయనే మొదటి పిడికెడు వేశాడు.

మర్నాడు సైకిళ్లు అప్పజెప్పాను. పంతులు ఆ తర్వాత దుకాణానికి కిరాయికి రాలేదు. కొన్ని నెలలకు ఒకసారి ఎవరి సైకిలో పంక్చరయితే తోసుకుంటూ వచ్చాడు. నేను అతుకుతుంటే పక్కన కూర్చుని, "చదువు నేర్చుకుంటవా? నేను చెప్త" అన్నాడు. వద్దన్నాను. అక్షరాలంటే అప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇంత చిన్న పనికి కూడా పనికిరానివి ఎందుకనుకునేవాణ్ణి.

బండను గీకడం మాత్రం ఆగలేదు. నా బిడ్డ పోయిందని బండ మీద నమ్మకం పోలేదు ఎవరికీ. వేరే అక్షరం పడ్డదన్నారు, అంతే. మా అవ్వ సచ్చేదాకా అదే మాట. ఇప్పుడు ఆ బండ మీద ఒక్క గీత లేదు. గొర్రెలు పడుకుంటాయి. ఆ రాయి ఇచ్చిన ఇల్లాలి పేరు నా బిడ్డ కడుపులోకి పోయింది. మిగిలిన రాత ఎవరెవరి పిల్లల కడుపుల్లోకో పోయింది.

నా భార్య మాత్రం మారింది. తర్వాత పుట్టిన ఇద్దరికి దగ్గు వచ్చినా సరే, నాతో చెప్పకుండా ఎత్తుకుని ఎల్లారెడ్డికి నడిచిపోయేది. ఇద్దరూ బతికారు. నలభై దాటాక రాత్రిబడికి నన్ను తోలింది కూడా ఆమెనే. "పోయి నేర్చుకో. ఏది మందుచీటో, ఏది కాదో తెలుస్తది" అంది. ఆ ఒక్కమాటే అంది. ఆ రోజు గురించి నన్ను ఆమె ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ రోజు అక్కడున్నవాళ్లం వీళ్లం. కామారెడ్డి బడి పంతులు. మా అవ్వ. గుంత తవ్వడానికి వచ్చిన, బెల్లం బండి ఆయన తమ్ముడు. ఎల్లారెడ్డి దవాఖానా డాక్టరు. సైకిల్ పట్టుకుని నిలబడ్డ నా భార్య. చేట పట్టుకుని నేను. చాప మీద నా బిడ్డ, మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తున్నది.